పాత యంత్రానికి కొత్త పద్దు

ఏటా ఫిబ్రవరి ఒకటో తేదీన ఆర్థికమంత్రి లోక్‌సభలో లేచి నిలబడగానే దేశమంతటా వినిపించే ప్రశ్న ఒక్కటే: దేనికి ఎంత? ఆ ప్రశ్న బాంబూఫ్లాట్‌లోని ఒక తెలుగు ఇంట్లో 2025 డిసెంబరులోనే తలెత్తింది. అక్కడ మొత్తం నిధి 22 వేల రూపాయలు. పద్దులు అయిదారు. కోరేవారు ఇద్దరు. సభలో చర్చకు వచ్చిన విషయం ఏడేళ్లనాటి కంప్యూటర్. దానిలో ఏ భాగాన్ని మార్చాలి, దేన్ని అలాగే ఉంచాలి, దేన్ని మరో ఏడాదికి వాయిదా వేయాలి అన్నది తేలడానికి ఆ ఇంటికి దాదాపు నెల రోజులు పట్టింది.

బాంబూఫ్లాట్ దక్షిణ అండమాన్‌లో ఒక చిన్న పట్టణం. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్ ఎదురుగానే కనిపిస్తూ ఉంటుంది. చాథమ్ జెట్టీలో ఫెర్రీ ఎక్కితే కాసేపట్లో ఈవలి ఒడ్డుకు చేరవచ్చు. రోడ్డు మీదుగా చుట్టి రావాలంటే మాత్రం 40 కిలోమీటర్లకు పైనే ప్రయాణం. 2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల జనాభాలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వారిలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం వైపు ఉన్నాయి. బతుకుతెరువు కోసం సముద్రం దాటి వచ్చిన తాతల తరువాత, ఇక్కడే పుట్టి పెరిగిన మూడో తరం ఇప్పుడు ఉద్యోగాల వయసుకు వచ్చింది. దేశ రాజకీయాల్లో ఈ ద్వీపాలకు ఉన్నది ఒకే ఒక లోక్‌సభ స్థానం. అంత దూరాన, అంత చిన్న గొంతుతో ఉన్న చోట ఒక యంత్రం పాతబడడం అంటే ఏమిటో ప్రధాన భూభాగంలో ఉన్నవారికి వెంటనే బోధపడదు. హైదరాబాద్‌లో ఉన్నవాడు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, చెన్నైలో ఉన్నవాడు రిచీ స్ట్రీట్‌కు వెళ్లి, సరిపడని విడిభాగాన్ని సాయంత్రంలోగా మార్చుకుని రాగలడు. ఇక్కడ సరిపడని విడిభాగం తిరిగి సముద్రం దాటాలి.

ఆ కంప్యూటర్ కూడా సముద్రం దాటి వచ్చినదే. 2018లో ఆ ఇంటి కొడుకుకు 17 ఏళ్లు. బంధువుల పెళ్లికి విశాఖపట్నం వెళ్లినప్పుడు మేనమామ సాయంతో భాగాలు విడివిడిగా కొని అక్కడే కూర్పించాడు. తిరుగు ప్రయాణంలో దాన్ని రెండు దుప్పట్లలో చుట్టి ఓడ ఎక్కించారు. బంగాళాఖాతం మీద సుమారు మూడు రోజుల ప్రయాణంలో ఆ పెట్టె మీద ఎవరూ కూర్చోకుండా తండ్రి, కొడుకు వంతులవారీగా కాపలా కాశారు. దాని లోపల ఉన్నవి: ఆరు కోర్ల రైజెన్ 5 1600 ప్రాసెసర్, బీ350 మదర్‌బోర్డు, 8 జీబీల ర్యామ్ ఒకే కర్ర, 4 జీబీల జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్, డబ్బు మిగలదని చివరిలో ఎంచుకున్న పేరులేని పవర్ సప్లై. మధ్యతరగతి ఇంటి స్థోమతకు అది అప్పట్లో మంచి గేమింగ్ కంప్యూటరే.

అయితే 2018లో దాని మీద ఆడిన ఆటలు వేరు. ఆనాడు ద్వీపాల ఇంటర్నెట్ ప్రధానంగా ఉపగ్రహం మీదనే ఆధారపడేది. భూమికి 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి సంకేతం వెళ్లి, కిందికి దిగి, జవాబు మళ్లీ అదే దారిన రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. ఎదుటివాడు తుపాకీ పేల్చిన అర సెకను తరువాత ఆ సంగతి తెలిసేవాడికి పోటీ ఆటల్లో చోటు లేదు. అందుకని ఆ కుర్రవాడు ఒంటరిగా ఆడే ఆటలే ఆడాడు. 2020 ఆగస్టు 10న ప్రధాని నరేంద్ర మోదీ చెన్నై నుంచి అండమాన్ నికోబార్ వరకు వేసిన సముద్రగర్భ కేబుల్‌ను ప్రారంభించారు. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. వ్యయం 1,224 కోట్ల రూపాయలు. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది కనుక చెన్నైకి వెళ్లి రావడానికి కావలసిన కనీస కాలం సెకనులో నలభయ్యో వంతు దాకా తగ్గిపోయింది. వేలొరాంట్ అనే పోటీ ఆట విడుదలైంది కూడా ఆ ఏడాది జూన్‌లోనే. బాంబూఫ్లాట్‌లోని ఆ గదిలో ఒక్క విడిభాగమూ మారలేదు. అయినా ఆ కంప్యూటర్ సామర్థ్యం మారిపోయింది. అది పని చేయలేకపోయిన చోటల్లా లోపం దానిలో లేదని, దాని వెలుపల సముద్రంలో ఉందని ఆనాడు తేలింది. ఆ కుర్రవాడు ఆ పాఠాన్ని అప్పట్లో గమనించలేదు.

అయిదేళ్ల తరువాత సమస్య మళ్లీ వెలుపలి నుంచే వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసింది. గృహ వినియోగదారులకు భద్రతా సవరణలను మరో ఏడాది, అంటే 2026 అక్టోబరు 13 వరకు పొందే వెసులుబాటు ఇచ్చారు. అది గడువు పొడిగింపే కాని పరిష్కారం కాదు. విండోస్ 11కు అర్హత పొందిన ప్రాసెసర్ల జాబితాలో రైజెన్ మొదటి తరం లేదు. ఆరు కోర్లు సక్రమంగానే పనిచేస్తున్నాయి. కాలిపోయినదేమీ లేదు. కాని ఎక్కడో తయారైన ఒక జాబితాలో పేరు లేనందున ఆ యంత్రం వయసు ఒక్కరోజులో పెరిగిపోయింది. రేషన్ కార్డు ఉన్నా జాబితాలో పేరు లేదని వెనక్కి పంపడం మన వ్యవస్థలో కొత్తేమీ కాదు. ఆ అనుభవం ఇప్పుడు యంత్రాలకూ వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు పరిస్థితీ ఇంచుమించు అదే. దాని తరానికి కొత్త ఆటల కోసం చేసే డ్రైవర్ సవరణలు అదే అక్టోబరుతో ఆగిపోయాయి. ఇకపై వచ్చేవి భద్రతా సవరణలు మాత్రమే.

యువకుడికి ఇప్పుడు 24 ఏళ్లు. రోజూ ఫెర్రీ దాటి అవతలి ఒడ్డున ఒక పర్యాటక సంస్థలో పనిచేసి వస్తాడు. రెండేళ్లుగా పక్కన పెట్టిన సొమ్ము 22 వేలు. అతని మనసులో మొదటి నుంచీ ఉన్నది ఒకే వస్తువు: 8 జీబీల గ్రాఫిక్స్ కార్డు. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 తరగతిది తెచ్చుకున్నా ఆ సొమ్ములో దాదాపు అంతా దానికే పోతుంది. అయినా అతనికి అభ్యంతరం లేదు. గేమింగ్ కంప్యూటర్ అనగానే అందరూ అడిగేది కార్డు పేరే. పవర్ సప్లై ఏమిటని ఎవరూ అడగరు. ప్రభుత్వాల తీరూ అంతే. ఫ్లైఓవర్ ప్రారంభోత్సవానికి శిలాఫలకం ఉంటుంది. డ్రైనేజీ పూడిక తీసినందుకు శిలాఫలకం వేసిన మున్సిపాలిటీ ఎక్కడా కనిపించదు.

కొనే ముందు ఒకసారి కొలిచి చూద్దామని అతనికి తోచింది. ఆ ఆలోచనే అతని లెక్కను తలకిందులు చేసింది. పద్ధతి చాలా సులువైనది. ఆటలో చిత్రం పరిమాణాన్ని 1080 నుంచి 720కి తగ్గించి చూడాలి. సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య బాగా పెరిగితే ఇప్పటిదాకా అడ్డుపడుతున్నది గ్రాఫిక్స్ కార్డు. పెద్దగా పెరగకపోతే అడ్డుపడుతున్నది ప్రాసెసరో మెమరీయో. అతను రోజూ ఆడే వేలొరాంట్‌లో పరిమాణం తగ్గించినా సంఖ్య దాదాపు కదలలేదు. ఎప్పుడో ఒకసారి ఆడే, విశాలమైన నగరాలు ఉండే పెద్ద ఆటలో మాత్రం గణనీయంగా పెరిగింది. అంటే అతను కొనాలనుకున్న కార్డు అతను తక్కువగా ఆడే ఆటకు పనికివస్తుంది. ఎక్కువగా ఆడే ఆటను అది ముట్టుకోదు. పైగా ఆ పాత మానిటర్ సెకనుకు 60 చిత్రాలకు మించి చూపలేదు. 150 ఫ్రేములు తయారుచేసే కార్డు వచ్చినా కంటికి కనిపించేవి 60 మాత్రమే. మిగతావన్నీ సభలో ప్రకటించి అమలు చేయని కేటాయింపుల వంటివి.

ఇంకో చిక్కు ఉంది. పాత 1050 టీఐకి గరిష్ఠంగా కావలసినది 75 వాట్లు. అది మదర్‌బోర్డు నుంచే తీసుకుంటుంది. వేరే తీగ అక్కర్లేదు. ఆర్‌ఎక్స్ 6600కు కావలసినది 132 వాట్లు. దానికి ప్రత్యేకంగా ఎనిమిది పిన్నుల తీగ కావాలి. ఆ పేరులేని పవర్ సప్లైలో ఆ తీగ లేదు. ఉన్నా దాన్ని నమ్మి కొత్త కార్డు తగిలించడం సాహసమే. కనుక కార్డు కొంటే పవర్ సప్లై కొనాలి. వాడకం పెరిగితే కరెంటు పోయినప్పుడు యూపీఎస్ నిలిపే నిమిషాలు తగ్గుతాయి. అది అసలే ముసలిది. ఒక ఖర్చు తన వెంట మరో రెండింటిని తెచ్చుకుంటోంది.

తండ్రి ఇళ్లకు వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్. కంప్యూటర్ గురించి తెలియదు కాని కరెంటు గురించి తెలుసు. బాంబూఫ్లాట్‌లోనే 20 మెగావాట్ల డీజిల్ విద్యుత్ కేంద్రం ఉంది. ద్వీపాల విద్యుత్తులో అధిక భాగం ఇప్పటికీ డీజిల్ జనరేటర్లదే. ఆ డీజిల్ కూడా ప్రధాన భూభాగం నుంచి ఓడలో రావలసిందే. పెద్ద గ్రిడ్‌తో సంబంధం లేని చిన్న వ్యవస్థలో ఒక యంత్రం ఆగినా వీధి దీపాలకు ఆ సంగతి తెలిసిపోతుంది. ఇక ఉప్పుగాలి, ఏడాదిలో అధిక భాగం ఉండే తేమ సరే సరి. కొడుకు ఒక ఆదివారం పెట్టె పక్కపలక విప్పినప్పుడు ఆయన చేతిదీపంతో లోపలికి తొంగి చూశాడు. స్క్రూల తలలు తుప్పు పట్టి ఉన్నాయి. పవర్ సప్లై జాలీకి తడి దుమ్ము అట్టకట్టి ఉంది.

“ఏటి కొందామనుకుంటున్నావు?” అని అడిగాడు.

కొడుకు కార్డు గురించి చెప్పాడు.

“ఇంట్లో వైరింగ్ కుళ్లిపోయి ఉంటే ముందు ఏసీ కొంటావేట్రా బావు?” అన్నాడాయన. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ తరువాత యూపీఎస్ తెరిచి, లోపలి బ్యాటరీ ఉబ్బి ఉండడం చూపించాడు. దాన్ని బయటకు లాగడానికి ఇద్దరు కష్టపడవలసి వచ్చింది.

అదే వారం యువకుడు మరో లెక్క కూడా వేశాడు. ఆ కంప్యూటర్‌ను ఎవరు ఎంతసేపు వాడుతున్నారో ఏడు రోజులపాటు నోటు పుస్తకంలో రాసిపెట్టాడు. అది తన కంప్యూటరేనన్నది అతనికి ఎన్నడూ సందేహం రాని విషయం. వారాంతానికి అతని గంటలు ఆరు. చెల్లెలివి 23. ఆమె పన్నెండో తరగతి చదువుతోంది. కంప్యూటర్ ఇంటికి వచ్చిననాడు అతనికి ఉన్న వయసే ఇప్పుడు ఆమెది. ఆన్‌లైన్ పాఠాలు, ప్రాక్టికల్ రికార్డులు, పైథాన్ అభ్యాసాలు అన్నీ దానిమీదే. ఉదయం ఆమె దానిని నడిపే తీరును అతను ఇంతకు ముందు చూడలేదు. తెల్లవారి ఫెర్రీకి వెళ్లిపోయేవాడు. సెలవు పెట్టిన ఒక రోజున చూశాడు. ఆమె మీట నొక్కి, వంటింట్లోకి వెళ్లి, బియ్యం కడిగి, కుక్కర్ పొయ్యి మీద పెట్టి తిరిగి వచ్చింది. అప్పటికి గాని బ్రౌజర్ తెరుచుకోలేదు. ఫిర్యాదు చేయవచ్చని కూడా ఆమెకు తోచినట్టు లేదు. కంప్యూటర్ అంటే అంతసేపు పట్టేదేనని ఆమె ఉద్దేశం.

ఆ ఆలస్యానికి గ్రాఫిక్స్ కార్డుతో సంబంధం లేదు. తిరుగుతున్న పళ్లెం మీద ముల్లు జరుగుతూ వేలాది చిన్న ఫైళ్లను వెతికే హార్డ్ డిస్క్ దానికి కారణం. ఒక్కో వెతుకులాటకు దానికి కొన్ని మిల్లీసెకన్లు కావాలి. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలే ఉండవు కనుక అదే పని అందులో అనేక రెట్లు వేగంగా జరుగుతుంది. 8 జీబీల ర్యామ్ చాలనప్పుడు విండోస్ ఆ నెమ్మది డిస్కునే తాత్కాలిక జ్ఞాపకంగా వాడుకుంటుంది. కనుక ఒక లోపం రెండో లోపాన్ని మరింత పెంచుతోంది.

యువకుడికి మరో సంగతి కూడా తెలుసు. విశాఖపట్నంలో ఒక ఉద్యోగానికి మాట నడుస్తోంది. ఏప్రిల్‌లోగా తేలవచ్చు. ఇంట్లో స్పష్టంగా చెప్పలేదు కాని అందరికీ అంచనా ఉంది. ఒక రాత్రి కార్డుల ధరలు చూస్తూ కూర్చున్న అతని వెనుక నిలబడి చెల్లెలు అడిగింది: “నువ్వు వైజాగ్ వెళ్లినపుడు ఈ కార్డు విప్పి పట్టుకుపోతావా అన్నయ్యా?” ఆమె అడిగిన తీరులో నిష్ఠూరం లేదు. సమాచారం కోసం అడిగిన ప్రశ్న. అతను వెంటనే లేదని చెప్పలేకపోయాడు. తీసుకుపోవాలనే అనుకున్నాడని ఆ క్షణంలో అతనికే తెలిసింది.

ఇక్కడ ఈ చిన్న ఇంటి లెక్కలోకి ప్రపంచం కూడా అడుగుపెట్టింది. 2025 చివరి నెలల్లో మెమరీ ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. కృత్రిమ మేధ కోసం నిర్మిస్తున్న డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను భారీగా కొంటున్నాయి. తయారీదారులు లాభం ఎక్కువ ఉన్న ఆ వైపే మొగ్గుతున్నారు. డిసెంబరు 3న మైక్రాన్ సంస్థ సాధారణ వినియోగదారులకు క్రూషియల్ పేరుతో అమ్మే వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. గుజరాత్‌లోని సాణంద్‌లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ప్రోత్సాహకాలతో కర్మాగారం పెట్టినదీ ఆ సంస్థే. దేశంలో చిప్‌ల పరిశ్రమ రావడం మంచిదే. అయితే ఆ పరిశ్రమ ఉత్పత్తి ఎవరి బల్లమీదికి చేరుతుందన్నది వేరే ప్రశ్న. వేసవిలో అతను కొనకుండా వదిలేసిన 8 జీబీల ర్యామ్ కర్ర డిసెంబరు నాటికి అదే ధరకు దొరకలేదు.

ఇన్ని చిక్కులు ఎందుకు, పాతది అమ్మేసి కొత్తదే కొనవచ్చు కదా అని సలహా ఇచ్చేవారు ఉంటారు. 22 వేలకు ఆ పాతదానికంటె మెరుగైన గేమింగ్ కంప్యూటర్ కొత్తగా రాదు. ఇక పారేసిన యంత్రం ఎక్కడికి పోతుంది? 2023 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు అమలులో ఉన్నాయి. మరమ్మతు హక్కు కోసం కేంద్రం 2022 డిసెంబరు 24న ఒక పోర్టల్‌ను కూడా ప్రారంభించింది. రెండూ అవసరమైనవే. కాని యంత్రంలో ఏ భాగం చెడిపోలేదని తెలిసినా, సాఫ్ట్‌వేర్ గడువు తీరినందున దాన్ని మూలన పడేయవలసి వచ్చినప్పుడు ఆ హక్కు ఎవరి మీద వర్తిస్తుంది? మరమ్మతు చేయడానికి అసలు విరిగినదంటూ ఉండాలి కదా. మన విధానాలు ఇంకా ఈ ప్రశ్న దాకా రాలేదు.

ఉచితంగా దొరికే లినక్స్ మరో దారి. చెల్లెలి చదువుకు అది చాలా వరకు సరిపోతుంది. పైథాన్‌కు ఇంకా అనుకూలం. అయితే వేలొరాంట్ లినక్స్‌లో నడవదు. దాని మోస నిరోధక వ్యవస్థ విండోస్ లోతుల్లో కూర్చుని పనిచేస్తుంది. యువకుడు ఈ దారిని మూసేయలేదు కాని, మొదటి రోజే ఆటను పూర్తిగా వదులుకునేంత త్యాగానికీ సిద్ధపడలేదు. సిద్ధపడవలసిన అవసరమూ లేదు. ఆరు గంటలు కూడా గంటలే.

ఆ పాత మదర్‌బోర్డులోనే ఒక దారి దొరికింది. దానిమీద ఉన్న ఏఎం4 సాకెట్‌లో తరువాతి తరాల రైజెన్ ప్రాసెసర్లు కూడా అమరుతాయి. 300 వరుస బోర్డుల్లో 5000 తరానికి అవకాశం ఉండదని ఏఎండీ మొదట్లో అంది. వినియోగదారుల ఒత్తిడి పెరిగాక 2022లో ఆ మాట మార్చుకుని అనుమతించింది. అలా రైజెన్ 5 5600 ఆ పాత బోర్డులో కూర్చోగలదు. విండోస్ 11 జాబితాలో దాని పేరు ఉంది. దానికి కావలసిన విద్యుత్తూ పాతదానితో సమానమే, 65 వాట్ల తరగతి. ఆట ఆగుతున్నదీ ప్రాసెసర్ దగ్గరే. ఒకే మార్పుతో ఆటకు వేగం వస్తుంది, చెల్లెలి చదువుకు గడువు తొలగుతుంది.

దీనికి ఒక షరతు ఉంది. కొత్త ప్రాసెసర్ పెట్టే ముందు మదర్‌బోర్డులోని బయోస్‌ను నవీకరించాలి. ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. తనంతట తాను కోలుకునే ఏర్పాటు ఆ బోర్డులో లేదు. బాంబూఫ్లాట్‌లో, ఉబ్బిపోయిన బ్యాటరీ ఉన్న యూపీఎస్‌తో ఆ పని మొదలుపెట్టడం జూదమే. 22 వేల పథకమంతా ఆ చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీద ఆధారపడి ఉంది. మొత్తం జాబితాలో అన్నిటికంటె చవకైన వస్తువు అదే.

చివరికి నోటు పుస్తకంలో పద్దులు ఈ వరుసలో పడ్డాయి. మొదటిది యూపీఎస్ బ్యాటరీ. రెండోది పేరున్న సంస్థ పవర్ సప్లై. ఎనిమిది పిన్నుల తీగ ఉన్నది ఎంచుకున్నాడు, ఏనాటికైనా కార్డు వస్తే పనికివస్తుందని. మూడోది ఎస్‌ఎస్‌డీ. నాలుగోది ప్రాసెసర్. అయిదోది రెండో ర్యామ్ కర్ర. కొత్తది కాదు, విశాఖలో మేనమామ కొడుకు తన కంప్యూటర్ మార్చుకున్నప్పుడు తీసి పక్కన పెట్టినది. రెండు కర్రలు జతగా ఉంటే మెమరీ రెండు దారుల్లో పనిచేస్తుంది. రైజెన్‌కు ఆ తేడా బాగానే తెలుస్తుంది. ఆరో వరుసలో గ్రాఫిక్స్ కార్డు అని రాసి, ఎదురుగా అంకె వేయకుండా వదిలేశాడు.

బ్యాటరీ అబర్డీన్ బజారులో దొరికింది. దాన్ని ఒడిలో పెట్టుకుని ఫెర్రీలో తెచ్చాడు. మిగిలినవి పార్సిళ్లలో కొన్ని, విశాఖ నుంచి వచ్చిన బంధువు సంచిలో కొన్ని చేరేసరికి జనవరి రెండో వారం అయింది. తండ్రి ముందుగా ఇంటి ఎర్తింగ్ పరీక్షించాడు. గుంతలో తుప్పు పట్టిన బోల్టు మార్చాడు. ఆ ఖర్చు కొడుకు పద్దులో రాయవద్దన్నాడు.

బయోస్ మార్చడానికి రాత్రి పదిన్నర ఎంచుకున్నారు. వాడకం తగ్గే వేళ కనుక కరెంటు నిలకడగా ఉంటుందని తండ్రి లెక్క. ముందుగా గోడమీట ఆపి, కొత్త బ్యాటరీ మీద కంప్యూటర్ ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి చూశారు. 15 నిమిషాలు దాటాక తండ్రి చాలన్నాడు. బ్యాటరీ మళ్లీ నిండేదాకా అందరూ కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక పెన్‌డ్రైవ్ తగిలించారు. తెరమీద గీత నెమ్మదిగా కదులుతుంటే తల్లి ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసేసింది. దానికీ దీనికీ సంబంధం లేదని ఎవరూ ఆమెకు చెప్పలేదు. చెల్లెలు శాతం అంకెలు పైకి చదువుతూ ఉంది. ఎనభై దగ్గర గీత చాలాసేపు ఆగింది. ఆమె కూడా చదవడం ఆపింది. తరువాత మళ్లీ కదిలింది.

ఆ రాత్రి కరెంటు పోలేదు. మరునాడు ఉదయం ఏడుగంటలకు పోయింది.

ఆ ఆదివారం ప్రాసెసర్ మార్చి, ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11 కొత్తగా ఎక్కించారు. పాత హార్డ్ డిస్కును తీసేయలేదు. ఫొటోలు, పాత ఆటల సేవ్ ఫైళ్లు, చెల్లెలి పదో తరగతి ప్రాజెక్టులు దానిమీదే ఉన్నాయి. గ్రాఫిక్స్ కార్డు పాతదే. పెద్ద ఆటలో నగరం ఇప్పటికీ మసకగానే కనిపిస్తుంది. మానిటర్ 60 దగ్గరే ఉంది. వేలొరాంట్ మాత్రం తడబడడం మానేసింది. నిఘా పెట్టి చూస్తే లాభం ఎక్కువ దక్కింది చెల్లెలికే. ఆ సంగతి అతను నోటు పుస్తకంలో రాయలేదు కాని, పుస్తకాన్ని ఆమె బల్లమీదనే వదిలేశాడు.

ఇప్పుడు మీట నొక్కిన అరనిమిషంలోగా ఆమె పాఠం తెరుచుకుంటుంది. మధ్యలో వంటింట్లోకి వెళ్లి వచ్చే వ్యవధి లేదు. ఏప్రిల్ దాకా బియ్యం కడిగే పని అన్న వంతు.